కంచం పెట్టిన చప్పుడు

ఆ ఇళ్ళ వరసలో ఆయన్ని అందరూ చప్పుళ్ళాయన అంటారు. సినిమాలకు చప్పుళ్ళు చేయడం ఆయన వృత్తి. తెర మీద హీరో మెట్లెక్కుతుంటే వినబడే అడుగులు ఈయనవి. విలన్ చెయ్యి విరిగిందంటే స్టూడియోలో ఈయన ముల్లంగి విరిచాడన్నమాట. పాత గొడుగును టపటపలాడించి పావురాలను ఎగరేశాడు. తడిసిన గోనెసంచిని నేలకేసి కొట్టి ఏనుగులను నడిపించాడు. ఇసుక బస్తాలు మోసే పనికి స్టూడియోలో చేరినవాడు, చెవి ఒక్కటే పెట్టుబడిగా పైకొచ్చాడు. "చీమ తుమ్మినా నాకు వినబడుతుంది" అని చెప్పుకోవడం ఆయనకు మహా ఇష్టం.

ఆయన భార్యను చప్పుళ్ళావిడ అంటారు. ఆవిడ ఏ చప్పుడూ చేయదు. అయినా పేరు అదే. మొగుడి పనితో పెళ్ళాన్ని పిలవడం లోకానికి అలవాటు. ఆవిడకూ ఒక పని ఉండేదని ఆ వరసలో ఎవరికీ తెలియదు. బట్టల ఫ్యాక్టరీలో ఆవిడ కటింగ్ మాస్టర్. పొరలు పొరలుగా పరిచిన గుడ్డను గీత తప్పకుండా కోసేది. అక్కడ ఆవిడ పేరు కత్తెరక్క. జీతాల్లో కోత పెట్టిన రోజున ఫ్యాక్టరీ గేటు ముందు స్టూలెక్కి మాట్లాడితే ఆ గొంతు రోడ్డవతల టీకొట్టు దాకా వినబడింది. ఆ టీకొట్టులో కూర్చున్న చప్పుళ్ళాయన గ్లాసు కింద పెట్టి, ఈ గొంతు ఎవరిదా అని వెతుక్కుంటూ వెళ్ళాడు. అలా అయింది వాళ్ళ పెళ్ళి.

మొదట్లో ఫ్యాక్టరీ వెనక ఒంటి గదిలో కాపురం. వీళ్ళు పోట్లాడుకుంటే పక్కగది ముసలాయన కర్రతో గోడ మీద కొట్టేవాడు. నవ్వుకున్నా కొట్టేవాడు. కొంతకాలానికి నాలుగు డబ్బులు చేతిలో ఆడి, ఊరి చివర సొంత ఇల్లు కొనుక్కున్నారు. అక్కడి ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఒకే గేటు, ఒకే మీగడ రంగు, ఒకే ఎత్తు ప్రహరీ. ఎవరైనా ముందువైపు తీగ మీద బట్టలారేస్తే కాలనీ సంఘం సెక్రటరీ చిరునవ్వుతో వచ్చి నిలబడతాడు.

దిగిన కొత్తలో ఒక ఉదయం ఈ ఇంట్లో గొంతులు లేచాయి. ఎందుకో ఇద్దరికీ ఇప్పుడు గుర్తు కూడా లేదు. సాయంత్రానికి సెక్రటరీ హాజరు.

"ఏం లేదండీ, మన వరసలో గొంతులు వినబడవు. మన ప్రత్యేకతే అది. ఊరికే చెప్పి వెళదామని."

చప్పుళ్ళాయనకు తల తీసేసినట్టయింది. సెక్రటరీ గేటు దాటగానే భార్యతో అన్నాడు: "విన్నావుగా, కాస్త గొంతు తగ్గించు. ఇంకో మాట. ఇక్కడ ఆడవాళ్ళెవరూ పొద్దున్నే డబ్బా పట్టుకుని బస్సెక్కట్లేదు. మనమొక్కళ్ళమే ఎందుకు వేలెత్తి చూపించుకోవాలి?"

ఆవిడ గొంతు తగ్గించింది. కొన్నాళ్ళకు ఉద్యోగమూ మానేసింది. మనిషిని అణిచిపెట్టడానికి ప్రతిసారీ కర్ర అక్కర్లేదు. చిరునవ్వుతో వచ్చే పొరుగువాడూ, అతనికి భయపడే మొగుడూ ఉంటే చాలు.

ఏళ్ళు గడిచాయి. కూతురు చదువుకని హాస్టల్లో చేరింది. ఇంట్లో ఇద్దరే మిగిలారు. సెక్రటరీ ఇప్పుడు కొత్తగా దిగినవాళ్ళకు ఈ ఇంటిని వేలు పెట్టి చూపిస్తాడు: "ఆ దంపతులను చూసి నేర్చుకోవాలండీ. ఒక్క మాట బయటికి రాదు." ఆ మాట విన్నప్పుడల్లా చప్పుళ్ళాయనకు ఛాతీ ఒక అంగుళం పెరుగుతుంది.

అలాంటి మనిషి దగ్గరికి ఆ సినిమా వచ్చింది. దర్శకురాలు కుర్రది, మొదటి సినిమా. కథ ఏమిటంటే, ఇలాంటిదే ఒక కాలనీ, అందులో ఒక జంట. ఎవరూ ఎవరినీ కొట్టరు, తిట్టరు, ఇంట్లోంచి గెంటేయరు. బయటికి చిలకాగోరింకలు. లోపల మాత్రం కాపురం చెదపట్టిన తలుపులా ఉంటుంది. మాటలు తక్కువ కాబట్టి చప్పుళ్ళతోనే చెప్పాలని దర్శకురాలి పట్టుదల.

అందులో ఒకచోట భార్య వచ్చి భర్త ముందు కంచం పెడుతుంది. అంతే సన్నివేశం. చప్పుళ్ళాయన నవ్వుకుంటూ కంచం అందుకున్నాడు. తెర చూస్తూ ఠంగున పెట్టాడు.

"వద్దు మాస్టారూ. ఇది కోపం."

"ఆవిడకు కోపం లేదామ్మా?"

"ఉంది. కానీ ఆ ఇంట్లో కోపానికి చోటు లేదు."

మెత్తగా పెట్టాడు.

"ఇది ప్రేమ."

మామూలుగా పెట్టాడు.

"ఇది హోటల్."

స్టీలు కంచం పోయి పింగాణీది వచ్చింది. బల్ల మీద దుప్పటి వేశారు, తీశారు. సాయంత్రమైంది. అద్దం అవతల నుంచి సౌండ్ ఇంజనీరు మైకులో అన్నాడు: "గురువుగారూ, ఏనుగుల మందను అవలీలగా నడిపించారు. కంచం దగ్గర బోల్తా పడ్డారేంటండీ?"

దర్శకురాలు నవ్వలేదు. "మీరు సంసారి కదా మాస్టారూ. ఎప్పుడూ వినలేదా?"

"మా ఇంట్లో అలాంటివి లేవమ్మా" అన్నాడు చప్పుళ్ళాయన, కాస్త గర్వంగానే.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు. భార్య వంటగదిలోంచి కంచం పట్టుకుని వస్తూ చెప్పింది:

"ఏవండీ, మా ఫ్యాక్టరీ మిషన్లావిడ మళ్ళీ ఫోన్ చేసింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక వాళ్ళంతా కలిసి సొంతంగా కుట్టుపని సంఘం పెట్టుకున్నారని చెప్పానే. కటింగ్‌కి నన్నే రమ్మంటున్నారు. ఈ నెలాఖరులోగా చెప్పకపోతే ఇంకొకరిని చూసుకుంటారట."

"చూద్దాం" అన్నాడు.

ఆవిడ కంచం పెట్టింది.

ముందు అంచు బల్లను తాకింది. తర్వాత ఒక చిన్న ఆగడం, ఏదో అడగబోయి మానుకున్నట్టు. ఆ తర్వాత కంచం అడుగు నెమ్మదిగా దిగింది.

చప్పుళ్ళాయన ఒళ్ళు జల్లుమంది. "మళ్ళీ పెట్టు!"

"ఏంటి?"

"కంచం. ఒక్కసారి ఎత్తి మళ్ళీ పెట్టు."

ఆవిడ మొగుణ్ణి ఎగాదిగా చూసి, కంచం ఎత్తి టక్కున పెట్టింది. అది కాదు. "చల్లారిపోతుంది, తినండి" అని వంటగదిలోకి వెళ్ళిపోయింది.

మరుసటి రోజు ఉప్పు ఎక్కువైందన్నాడు. కంచం మామూలుగానే మోగింది. ఆ మర్నాడు కూతురి పరీక్షల సంగతెత్తాడు. ఆ చప్పుడు రాలేదు. అప్పుడు తట్టింది ఆయనకు, అది ఏ మాట వెనకాల వస్తుందో. తట్టగానే సిగ్గుపడి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. సిగ్గు రాలేదు. పనివాడి సంబరం వచ్చింది.

"ఇంతకీ ఆ సంఘం వాళ్ళు ఏమంటున్నారోయ్?" అని తనంతట తనే అడిగాడు.

కంచం చేతిలో ఉండగానే ఆవిడ మొహం విచ్చుకుంది. "నిజంగా అడుగుతున్నారా? పొద్దున్న బస్సెక్కితే చీకటి పడకముందే వచ్చేస్తానండీ. వంట చేసే వెళతాను, మీకేం ఇబ్బంది..."

"చూద్దాం" అన్నాడు, చెవి రిక్కించి.

అంచు. ఆగడం. అడుగు.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఆ వారమంతా ఆయన రోజూ అడిగాడు, రోజూ చూద్దామన్నాడు. ఆ ఆగడం ఎంత పొడుగో, వేళ్ళు కంచాన్ని ఎప్పుడు వదులుతాయో కళ్ళు మూసుకుని నేర్చుకున్నాడు. ఆవిడ రోజూ ఆశపడింది. "నెలాఖరు దగ్గరపడుతోందండీ" అని మాత్రం ఒకసారి అంది.

స్టూడియోలో కంచం పెట్టాడు. దర్శకురాలు ఈసారి వద్దనలేదు.

"ఎక్కడ విన్నారు మాస్టారూ?"

గొప్పగా చెప్పబోయాడు. మా ఇంట్లో అనే మాట నాలుక చివరి దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

"సరే, పని కానిద్దాం" అంది ఆ అమ్మాయి. "తర్వాతిది భర్త చప్పుడు. ఆవిడ కంచం పెట్టింది. ఇతను ఏమీ పట్టనట్టు తినడం మొదలుపెడతాడు. చెంచా చప్పుడు కావాలి."

చప్పుళ్ళాయన చెంచా తీసుకున్నాడు. ఒక్క టేకులో అయిపోయింది. అద్దం అవతల ఇంజనీరు బొటనవేలు పైకెత్తాడు. "అదీ గురువుగారంటే! రిహార్సల్ కూడా అడగలేదు చూశారా?"

చెంచా పట్టుకున్న చెయ్యి వంక చప్పుళ్ళాయన కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాడు.

నెలాఖరు వారంలో దర్శకురాలు ఆ భాగం వరకు కొంతమంది ఆడవాళ్ళకు చూపిస్తానంది. "మీ ఆవిడను తప్పకుండా తీసుకురండి మాస్టారూ." సాకులు వెతికాడు గానీ ఒక్కటీ నిలబడలేదు. చిన్న హాలు, పట్టపగలు. దీపాలారిపోయాయి. తెర మీద భార్య వచ్చి కంచం పెట్టింది. వెనక వరసలో ఎవరో "అబ్బా" అన్నారు. పక్క సీట్లో ఆవిడ కదల్లేదు. చెంచా మోగినప్పుడు మాత్రం తల తిప్పి మొగుణ్ణి చూసింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. రెండు స్టాపులు దాటాక మాట్లాడింది.

"అది నా చప్పుడు."

ఆయన తలూపాడు.

"ఎప్పటినుంచి వింటున్నారు?"

"ఈ నెలలోనే..."

"నేను ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటినుంచీ పెడుతున్నాను." కిటికీ వైపు నుంచి ఇటు తిరిగింది. "రోజూ సంఘం సంగతి అడిగారే. అందుకేనా?"

చప్పుళ్ళాయన చేతిలోని టికెట్టును మడతలు పెట్టసాగాడు.

"పిచ్చిదాన్ని. మనసు మారిందేమో అనుకుని మిషన్లావిడతో కూడా చెప్పాను, మా ఆయన అడుగుతున్నారని. చీమ తుమ్మినా వినబడుతుందంటారే, నా మాట వినబడటానికి మధ్యలో సినిమా కావాల్సొచ్చిందా?"

కండక్టరు ఇటు తిరిగాడు. ముందు సీట్లో వాళ్ళూ తిరిగారు. ఆవిడ గొంతు తగ్గించలేదు. టీకొట్టు దాకా వినబడిన ఆ గొంతు ఇంకా బతికే ఉందని చప్పుళ్ళాయనకు అప్పుడు తెలిసింది.

"సోమవారం నుంచి పనికి వెళుతున్నాను. అడగట్లేదు, చెబుతున్నాను."

ఆయన నోరు తెరిచాడు. అలవాటైన మాట పళ్ళ దాకా వచ్చింది. దాన్ని మింగడానికి నిజంగానే గుటక వేయాల్సివచ్చింది.

"ఏ బస్సు?" అన్నాడు చివరికి.

"మీకెందుకు? నేను ఎక్కుతానుగా" అంది.

సోమవారం ఆయనకు రికార్డింగ్ లేదు. గేటు గడియ పడిన చప్పుడు లోపలి నుంచి విన్నాడు. ఇన్నేళ్ళూ పొద్దున్నే ఆ గేటు వేసి వెళ్ళింది తనే. లోపల ఉండి వింటే ఎలా ఉంటుందో ఇప్పుడే తెలిసింది. వంట చేసి పెట్టలేదావిడ. మధ్యాహ్నానికి తనే ఏదో ఉడికించుకుని, మాడిన గిన్నెను పెరట్లో తోముతుంటే పక్కింటి ప్రహరీ మీదుగా సెక్రటరీ తల కనిపించింది. చిరునవ్వుతో సహా.

"మీ ఆవిడ పొద్దున బస్‌స్టాపులో కనిపించారు. అంతా కులాసాయేనా?"

"కులాసాయే. పనికెళ్ళింది."

"పనికా! అంత అవసరం ఏమొచ్చిందండీ మీకు?"

"అవసరమని కాదు. తను కటింగ్ మాస్టర్. వాళ్ళ ఫ్యాక్టరీలో కత్తెరక్క అంటే తెలియనివాళ్ళు లేరు."

ఆ మాట ఆ వరసలో పైకి వినబడటం అదే మొదలు. సెక్రటరీ నవ్వు కొంచెం వంకర పోయింది. "పోన్లెండి, ఎవరిష్టం వాళ్ళది. మా ఇంట్లో మాత్రం ఇలాంటి గొడవలు ఏనాడూ లేవు."

ఆయన మాట పూర్తికాకముందే వాళ్ళింటి లోపలి నుంచి ఆడగొంతు సన్నగా వినబడింది. "ఏవండీ, భోజనం పెడుతున్నాను. మా అక్కయ్య దగ్గరికి వెళ్ళొస్తానన్నాను, ఏం చేశారు?"

"ఆ, చూద్దాం చూద్దాం" అని సెక్రటరీ తల తిప్పకుండానే అరిచాడు.

తెరిచి ఉన్న కిటికీలోంచి వచ్చింది. అంచు. ఆగడం. అడుగు.

చప్పుళ్ళాయన చేతిలో గిన్నె ఆగిపోయింది. ఆ పక్కది కూడా అదే అచ్చులో పోసిన ఇల్లే. దాని పక్కదీ అంతే. భోజనాల వేళ, వరస పొడుగునా కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి.

"ఏంటండీ, అలా వింటున్నారు?"

"మీకు వినబడలేదా?"

"ఏది?"

"లోపలికెళ్ళి మీ ఆవిడనే అడగండి" అన్నాడు చప్పుళ్ళాయన. "అడిగాక మాత్రం నాలాగా చూద్దామనకండి. ఆవిడ చెప్పేదాకా ఆగండి."