ఆషాఢంలో కట్టిన రిబ్బను

ప్రారంభోత్సవాలంటే నాకు ఒళ్ళు మంట. పెద్దమనుషులు కత్తెర పట్టుకుని నవ్వుతున్న ఫోటో పేపర్లో కనిపిస్తే ఆ పేజీని పొట్లాలకి పక్కన పడేస్తాను. అది ఊరికే వచ్చిన మంట కాదు.

భీమవరం దగ్గర ఊళ్ళో మాకు బట్టల కొట్టుంది. ఒకరోజు రొయ్యల మేత కంపెనీ మేనేజరు వచ్చి ఎర్ర శాటిన్ రిబ్బను కావాలన్నాడు. మా ఊరి ప్రభుత్వాసుపత్రికి వాళ్ళ కంపెనీ వార్మరు ఇస్తోందట. నెల తక్కువగానో బరువు తక్కువగానో పుట్టి ఒళ్ళు చల్లబడిపోయే పసికందుల్ని పడుకోబెట్టే చిన్న మంచం, పైన హీటరు. "ఛైర్మన్ గారు ఓపెనింగుకొస్తున్నారండి. మంచి రకం ఇవ్వండి" అన్నాడు. మంచి రకమే ఇచ్చాను.

వార్మరు వచ్చింది. కాన్పుల గది పక్క గదిలో బిగించారు, నర్సులకి ఎలా వాడాలో నేర్పారు, రిబ్బను అడ్డంగా కట్టేశారు. ఆసుపత్రి గోడ మీద పెద్ద బోర్డు లేచింది, తల్లీబిడ్డల క్షేమం కోసం మా భాగస్వామ్యం అని. దాని మీద కంపెనీ గుర్తు ఒకటి, టౌన్లోని ప్రైవేటు ఆసుపత్రి గుర్తు ఒకటి, సర్కారు గుర్తు ఒకటి. అంతా సిద్ధమయ్యాక ఛైర్మన్ గారి సిద్ధాంతి ఆషాఢం పడిందని ఆయనకి గుర్తుచేశాడట. శూన్యమాసంలో శుభకార్యమేంటి, శ్రావణంలో చూద్దామన్నారు. రిబ్బను అలాగే ఉండిపోయింది.

ఆషాఢమని ఆయన మేత లారీలు మా కొట్టు ముందునుంచి పోవడం మానలేదు. చెరువుల్లో రొయ్యలు మేత తినడం మానలేదు. మాకైతే ఆషాఢమే పండగ, సగం ధరకే చీరలని బోర్డు కడితే తోసుకుంటూ వస్తారు. మంచిరోజు కోసం ఆగింది ఆ వార్మరొక్కటే. కడుపులో ఉన్న పిల్లలకి పంచాంగం ఎవరు చదివి వినిపిస్తారు? ఈ మాట కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళతోనూ అన్నాను. నవ్వి చీరలు కొనుక్కుని వెళ్ళారు.

మా చెల్లెలు అప్పటికి పురిటికొచ్చి ఇంట్లోనే ఉంది. ఎనిమిదో నెల. ఒక మధ్యాహ్నం అన్నం తింటుండగా నొప్పులు మొదలయ్యాయి. భీమవరం తీసుకెళ్దామని ఆటో ఎక్కించాం గానీ ఊరు దాటకుండానే ఉమ్మనీరు పోయింది. ఆటోని ఆ ఆసుపత్రికే తిప్పించాను. డాక్టరుగారు మీటింగుకెళ్ళారు, నర్సమ్మ ఉంది. మూల మంచం మీద ఒక బక్కపల్చటి అమ్మాయి గోడవైపు తిరిగి పడుకుంది. పొద్దున కాన్పయిందని, బాబు చల్లబడిపోతుంటే అంబులెన్సులో పెద్దాసుపత్రికి పంపారని ఆమె తల్లి చెప్పింది. మా గొడవలో మేమున్నాం. ఎవరికి ఎవరు ధైర్యం చెప్పాలో తెలీలేదు.

చెల్లెలికి పాప పుట్టింది. గుప్పెడంత పిల్ల. ఏడ్చింది గానీ ఆ ఏడుపులో సత్తువ లేదు, కాళ్ళు నీలంగా ఉన్నాయి. అక్కడ చెల్లెలికేమో రక్తం ఆగట్లేదు, తల్లి గుండెల మీద పడుకోబెట్టే వీలు కూడా లేదు. నర్సమ్మ పిల్లని తుడిచి గుడ్డల్లో చుట్టి మా అమ్మ చేతిలో పెట్టి, చెల్లెలి దగ్గరికి పరిగెత్తింది. అమ్మ పాదాలు రుద్దుతూ "ఎనిమిదో నెల పిల్ల నిలవదంటారే" అని గొణుగుతోంది. ఎంత రుద్దినా పాదాలు వేడెక్కట్లేదు.

"పక్క గదిలో మిషనుంది కదండీ, అందులో పెట్టండి" అన్నాను.

"దానికింకా ఓపెనింగు కాలేదండి" అంది నర్సమ్మ తలెత్తకుండా. "శ్రావణంలో ఛైర్మన్ గారొస్తారు. అప్పటిదాకా ముట్టుకోవద్దన్నారు. డాక్టరుగారికి ఫోను చేశానండి, ఎత్తట్లేదు. నా ఉద్యోగం పోతుందండి."

"ఈ పిల్ల శ్రావణందాకా ఆగుతుందాండీ?"

అమ్మ నా కొంగు పట్టుకుని "పెద్దవాళ్ళతో మనకెందుకే" అంది. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అంటారే, అది నా కళ్ళముందే జరుగుతోంది. అమ్మ మీద కోపం, నర్సమ్మ మీద కోపం, ఎప్పుడూ చూడని ఆ ఛైర్మన్ మీద మరీ కోపం. పక్క గదిలోకి వెళ్ళి రిబ్బను పట్టుకుని లాగాను. తెగలేదు. నేనిచ్చిన మంచి రకం మరి. పంటితో ముడి విప్పి అవతల పారేశాను. మంచం మీది ప్లాస్టిక్ కవరు కూడా చింపేశాను.

"ఇక రండి. ఎవరడిగినా నా పేరు చెప్పండి" అని అరిచాను.

ఆసుపత్రి ఆయమ్మని చెల్లెలి దగ్గర నిలబెట్టి నర్సమ్మ వచ్చింది. స్విచ్చులన్నీ ఆవిడకి తెలుసు. పిల్లని పడుకోబెట్టి మళ్ళీ చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. నేను కదలకుండా అక్కడే నిలబడ్డాను. కొంతసేపటికి పాదాల నీలం పోయి ఎరుపు తిరిగింది, ఏడుపు గట్టిపడింది. చెల్లెలికీ రక్తం కట్టింది. సాయంత్రానికి ఇద్దర్నీ భీమవరం మార్చాం.

ఆ వారంలోనే మేనేజరు కొట్టుకొచ్చాడు. "ఎంత పని చేశారండీ. ఛైర్మన్ గారికి నేనేం చెప్పుకోవాలి?" అన్నాడు. పాప ఎలా ఉందని అడగలేదు. ఇంకో రిబ్బను ఇమ్మన్నాడు. లేదని చెప్పాను, రిబ్బను చుట్టలు అతని కళ్ళముందే ఉన్నాయి. అతను పక్క కొట్లో కొనుక్కున్నాడు.

శ్రావణం వచ్చింది. మంచి ముహూర్తం చూసి ఆసుపత్రి ముందు షామియానా వేశారు. ఈమధ్య కాన్పయినవాళ్ళందరికీ బేబీ కిట్లిస్తారని ఆశా కార్యకర్త అందర్నీ పోగేసింది. చెల్లెలు పచ్చి బాలింత కనుక నేను వెళ్ళాను. కిట్టు కోసం కాదు, ఆ ఛైర్మన్ మొహం చూద్దామని. కొత్త రిబ్బను తెగింది, చప్పట్లు కొట్టారు. మైకు ముందుకొచ్చిన ప్రతివాళ్ళూ భాగస్వామ్యం, భాగస్వామ్యం అన్నారు. మా బజార్లో భాగస్వామి అంటే లాభంలోనే కాదు, నష్టంలోనూ వాటా తీసుకునేవాడు. స్టేజీ మీద అలాంటివాడు ఒక్కడూ కనపడలేదు.

నా పక్క కుర్చీలో మూల మంచం అమ్మాయి కూర్చుంది. మొగుడు ఛైర్మన్ గారి చెరువుల మీదే కాపలా ఉంటాడట, రమ్మంటే రాక తప్పలేదంది. ఆమె ఒళ్ళోనూ కిట్టు పెట్టారు. టవలు, దోమతెర, ఊలు టోపీ. బాబు పెద్దాసుపత్రి చేరకముందే దారిలో పోయాడట.

"రిబ్బను మీరే విప్పేశారంటగా అండీ" అంది నెమ్మదిగా. "ఆ మంచాన్ని మా అమ్మా నేనూ తలుపులోంచి చూశామండి. విప్పొచ్చని మాకు తెలీదండి." కిట్టు తీసి నా ఒళ్ళో పెట్టింది. "మీ పాపకి వాడండి."

నేను లేచి ఆ కిట్టుతో స్టేజీ ఎక్కాను. కిట్టు ఇచ్చినందుకు దండం పెట్టడానికి వస్తున్నాననుకున్నారేమో, ఛైర్మన్ గారు నవ్వుతూ లేచి రెండు చేతులూ చాపారు. ఫోటోగ్రాఫరు ముందుకొచ్చాడు. కిట్టు ఆయన చేతుల్లో పెట్టాను.

"ఇది ఆషాఢంలో పుట్టిన బాబుదండి" అన్నాను మైకు దగ్గరగా. "వాడు శ్రావణందాకా ఆగలేకపోయాడు. మీ వాటా మీరే ఉంచుకోండి."