పానం బాగలేదన్న మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో దీపం ఆరిపోయిందని ఎవరూ అనేవాళ్లు కాదు, కొండెక్కింది అనేవాళ్లు. బియ్యం అయిపోతే నిండుకున్నాయి అనేవాళ్లు. నాకు అదంతా ఒట్టి డొంకతిరుగుడుగా తోచేది. ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి ఏం నొప్పి అనుకునేదాన్ని. బడికి నేను పోయింది మూడో తరగతి దాకానే. అయినా అబద్ధం ఆడకూడదన్న ఒక్క ముక్క మాత్రం గట్టిగా పట్టుకున్నాను.

మాది బండి ఆత్మకూరు దగ్గర పల్లె. ఒకరోజు తెల్లవారుతుండగా మా జేజినాయన, అంటే మా నాయనకు తండ్రి, చనిపోయాడు. మా మేనత్తను ఆళ్లగడ్డలో ఇచ్చారు. ఆమెను తీసుకురావడానికి బయలుదేరుతూ నాయన నన్నూ వెంటబెట్టుకున్నాడు. పిల్ల పక్కన ఉంటే అత్తకు అనుమానం రాదని ఆయన ఆలోచన. "జేజినాయనకు పానం బాగలేదు అనాల. అంతకు మించి నోరు తెరిస్తే చూడు" అని దారిలో బెదిరించాడు. ఆడపిల్లకు పుట్టింటి చావు కబురు దారిలో చెప్పరు, ఇల్లు చేరాకే తెలియాలి. మా వైపు పద్ధతి అది.

అత్త గుచ్చి గుచ్చి ఏమీ అడగలేదు. చేతిలో పని వదిలేసి, కట్టుకున్న పాత చీరతోనే మా వెంట వచ్చింది. నంద్యాల బస్సెక్కాక మాత్రం ఒకటే ప్రశ్నలు.

"గంజేమన్నా తాగినాడాన్నా?"

"తాగినాడులేమ్మా, రెండు గుక్కలు." నాయన కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు.

శిరివెళ్లలో బస్సు ఆగింది. కిటికీ కిందికి బత్తాయిలమ్మి వచ్చింది. అత్త కొంగుముడి విప్పి దుడ్లు ఇచ్చి, వాళ్ల నాయన కోసమని కాయలు ఏరసాగింది. మా నాయన వద్దనలేక, ఊరుకోలేక తువ్వాలు సర్దుకుంటున్నాడు. నాకు ఆగలేదు. అబద్ధం సాగుతోందన్న కోపం ఒకటి, డబ్బు వృథా అవుతోందన్న బాధ ఒకటి.

"దుడ్లు ఎందుకు దండగ చేస్తాండావత్తా? జేజినాయన పొద్దున్నే సచ్చిపాయ గదా!"

అత్త గుండెలు బాదుకోలేదు. ఏడ్చింది నాయన. అంతమంది మధ్య, భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నా తండ్రిని నేనెప్పుడూ అలా చూసి ఎరగను.

అత్త ఆయన వీపు నిమురుతూ నా వైపు తిరిగింది. "నాకు తెలుసులేమ్మే. మీ నాయన మా వాకిట్లోనే నిలబడిపాయ, ఇచ్చిన నీళ్లు తాగకపాయ. చావు కబురు తెచ్చినోడే గదా అట్ల నిలబడేది. ఆ మాట నోటితో అంటే మనిషి తట్టుకోలేడని, ఇల్లు చేరేదాకా నేనే గంజి, కాయలు అని ఏదో ఒకటి అంటాండా. నువ్వేందే, ఈడ్నే కూలగొడితివి?"

బత్తాయిలమ్మి కాయలు వెనక్కి తీసుకుని, దుడ్లు అత్త ఒళ్లో పెట్టి వెళ్లిపోయింది. నేను దండగ కాకుండా కాపాడిన దుడ్లు అవి. నంద్యాల దాకా వాటి వైపు చూడలేకపోయాను. అత్త నన్ను రెండు దెబ్బలు వేసి ఉంటే తేలికపడేదాన్ని.

ఆ సిగ్గు ఇంకా నాలోనే ఉంది. నా నోరు మొరటుదని కోడళ్లు అంటారు, నిజమే. కానీ ఎవరైనా తమ కష్టం మీద ఒక మెత్తని మాట కప్పుకొని వస్తే, ఆ కప్పు నేను లాగను. మొన్న ఎదురింటామె, తన కూతురు అత్తింటి నుంచి నాలుగు రోజులు ఉండి పోదామని వచ్చిందని చెప్పింది. ట్రాలీ ఆటోలోంచి ఆ పిల్ల బీరువాతో సహా సామానంతా దింపుకోవడం నేను చూశాను.

"ఉండనీలేమ్మా, ఎండలు తగ్గినాక పోతుంది" అన్నాను. ఆమె నా మొహం చూడలేదు. నేనూ ఆమె మొహం చూడలేదు.