నీళ్ళ మీద గంటలు

మా మేనత్తకి ఎత్తంటే భయం లేదు. కొబ్బరిచెట్టు ఎక్కమన్నా ఎక్కేదేమో. భయమల్లా నీళ్ళంటేనే. మావయ్యగారు పడవ మునిగి పోయారు. ఆ తర్వాత కోటిపల్లి రేవులో గోదావరి దాటే పంటు ఎక్కితే ఆవిడ చెయ్యి ఎవరో ఒకరు పట్టుకోవాల్సిందే. అవతలి ఒడ్డు తగిలేదాకా కళ్ళు తెరిచేది కాదు. పట్టుకున్న చెయ్యి నాదైతే సాయంత్రానికి కమిలిపోయేది.

అలాంటి మనిషిని, పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో, అమెరికాలో ఏదో క్రైస్తవ స్త్రీల సభకి రమ్మని పిలిచారు. ఊళ్ళో ఆడవాళ్ళకి ఏళ్ళ తరబడి చదువు చెప్పిన మనిషి. వెళ్ళాలని ప్రాణం లాగుతోంది. మా నాన్నని అడిగింది ఒక్కటే.

"నీళ్ళ మీద ఎంతసేపురా తమ్ముడూ?"

రాజమండ్రి దాటి ఎరగని మా నాన్న ఆ రోజు నుంచి విమానం నడపడం మొదలుపెట్టారు. జాగ్రఫీ మేష్టారు కదా, బడిలోని గ్లోబు ఇంటికి తెచ్చి, లండన్‌కీ న్యూయార్క్‌కీ మధ్య దారం బిగించి పట్టుకున్నారు. దారం అడ్డంగా పోకుండా పైకి, మంచుదేశాల వైపు జరిగింది.

"చూసేవా అక్కా, ఇలా వెళితేనే దగ్గర," అన్నారు, ఆ దారి తానే వేయించినట్టు.

అత్త దారం చూడలేదు. దాని కింది నీలం రంగు చూసి కళ్ళు మూసుకుంది.

"అక్కడ నా చెయ్యెవరు పట్టుకుంటారురా?"

మర్నాడు నాన్న మా పేటలో గొలుసు ప్రార్థన ఏర్పాటు చేశారు. విమానం లండన్‌లో లేచింది మొదలు అవతలి నేల తగిలేదాకా గంటకో ఇల్లు ప్రార్థనలో ఉండాలి. ఒక ఇల్లు ముగించగానే పక్క ఇల్లు అందుకోవాలి. మొదటి గంట పాస్టరుగారిల్లు, తర్వాత కుట్టుమిషను వాళ్ళిల్లు, అలా వీధి వెంట. నడిసముద్రం మాత్రం మాకే ఉంచుకున్నారు. ఆ వరసంతా అత్త చేత ఎక్కంలా వల్లె వేయించారు.

నాన్న లెక్కగట్టిన వేళకి అందరం మోకరించాం. ఒక్క ఇల్లూ తప్పలేదు. కానీ తానొకటి తలిస్తే దైవమొకటి తలచునని ఊరికే అనలేదు. ఆ రోజు లండన్‌లో పొగమంచు కమ్మి విమానమే లేవలేదట. మర్నాడు వెళ్ళిందట. అత్త తిరిగొచ్చాక మా అరుగు మీద పేటంతా చేరినప్పుడు ఈ సంగతి బయటపడింది.

"అయితే మేం ప్రార్థన చేసేటప్పుడు తమరెక్కడున్నారండీ?" అంది పాస్టరమ్మగారు.

"ఆయ్, ఓటల్లో మంచం మీదున్నానండీ."

అందరూ పగలబడి నవ్వారు. నాన్న నవ్వలేదు. అక్క నీళ్ళ మీద ఉన్నప్పుడు తామంతా కడుపు నిండా తిని పడుకున్నామన్న బాధ ఆయన్ని తినేసింది. ఆ ముఖం చూసి నాకూ ఏడుపొచ్చింది.

"ఎవరూ తోడు లేకుండానే దాటేవా అక్కా?"

"మీ గంటలు ముందురోజే అయిపోయేయని తెలుసురా. అయినా గడియారం చూసుకుంటూ కూచున్నాను. ఇప్పుడు పాస్టరుగారిల్లు, ఇప్పుడు కుట్టుమిషను వాళ్ళిల్లు అనుకుంటూ వెళ్ళేను. అరుగెక్కడం, పలకరించడం, పక్కింటికెళ్ళడం. వచ్చేటప్పుడూ అంతే."

"మరి మా ఇల్లొచ్చినప్పుడో అత్తా?" అన్నాను నేను, నడిసముద్రం గుర్తొచ్చి.

అత్త కాస్త సిగ్గుపడింది.

"మీ ఇంటికొచ్చేసరికి నిద్రపట్టేసిందే."