నోటితో ఊదిన క్లారినెట్

కోరుట్లలో సెంట్రింగ్ పని చేసే దేవదాసుకు ఉన్న ఆస్తి రెండు భుజాలు, ఒక గిటారు. భుజాలు వారమంతా కూలికి పోతాయి. గిటారు ఆదివారం చర్చికి పోతుంది. అతనికి మెత్తటి పాటలు పడవు. రాక్ కావాలి, కరెంటు గిటారు గోల పెట్టాలి. "దేవునికి చెవుడు లేదు దేవదాసూ" అంటూ పాస్టరు ప్రతి వారం సౌండు తగ్గిస్తాడు.

నలభై దాటి, నడుం నొప్పి మొదలయ్యాక దేవదాసుకు ఒకటే కోరిక మిగిలింది. తను మెచ్చిన ఇద్దరితో కలిసి పాటల ఆల్బం చేయాలి. ఒకరు మేడిపల్లి బాలలక్ష్మి. నాట్లలో ఆమె పాట ఎత్తుకుంటే పక్క మడిలోవాళ్లు కూడా నడుములు ఎత్తి వింటారు. రెండోవాడు సిరిసిల్ల బ్యాండు మాస్టరు శంకరయ్య. చిన్నప్పుడు ఆయన క్లారినెట్ వింటూ దేవదాసు ఎవరిదో పెళ్లి ఊరేగింపు వెంట పక్క ఊరి దాకా పోయి, ఇంట్లో తన్నులు తిన్నాడు. ఆయన ఊదకపోతే ఆల్బమే లేదు.

"మాస్టర్, జగిత్యాలల ఆల్బం చేస్తున్న. అండ్ల మీరుండాలె" అని ఫోను చేశాడు. మాస్టరు సంబరంగా సరేనన్నాడు. బాలలక్ష్మికీ అదే మాట చెప్పాడు.

రికార్డింగ్ రోజు జగిత్యాల స్టూడియో గుమ్మంలో ఇద్దరూ దిగారు. బాలలక్ష్మి పట్టుచీరలో ఉంది. శంకరయ్య సఫారీ వేసి, మీసాలకు కొత్తగా నలుపు రంగు పెట్టాడు. చేతులు మాత్రం ఖాళీ.

"క్లారినెట్ ఏది మాస్టర్?"

"ఫోటోలకు క్లారినెట్ ఎందుకురా? మా అల్లుడు పెండ్లి బ్యాండుకు పట్టుకపోయిండు. కెమెరా ఆయన ఏడి?"

ఆల్బం అంటే వాళ్లకు తెలిసింది పెళ్లి ఫోటోల పుస్తకమే. సంగతి చెప్పగానే శంకరయ్యకు మండింది.

"గా ముక్క ఫోన్ల చెప్పొద్దా? పొద్దుగాల లేసి మీసాలకు రంగేసుకున్న!"

"గా రంగు చెవులకు గూడ అంటింది అన్నా" అంది బాలలక్ష్మి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

మధ్యాహ్నం నుంచి వేరేవాళ్లు వస్తారని స్టూడియో నడిపే దినేశ్ ముందే చెప్పాడు. క్లారినెట్ కోసం సిరిసిల్ల పోయి వచ్చే టైం లేదు. బ్యాండులో కొత్తవాళ్లకు పాట నేర్పాలంటే మాస్టరు నోటితోనే "పీ పిరి పీ" అని ఊది చూపిస్తాడు. దేవదాసుకు అది తట్టింది.

"నోటితోనే ఊదుండ్రి మాస్టర్."

"నన్ను నవ్వులపాలు జేస్తవా?" శంకరయ్య మైకుకు వీపు తిప్పి కూర్చున్నాడు.

దేవదాసు ఇక బతిమాలలేదు. దినేశ్‌కు కన్ను గీటాడు. దినేశ్ చప్పుడు లేకుండా రికార్డింగ్ మొదలెట్టాడు. శంకరయ్య ఊరేగింపుల్లో ఊదే సొంత బాణీనే దేవదాసు గిటారు మీద అందుకుని, మొదటి మలుపులోనే కావాలని తప్పాడు. మాస్టరు కాలు కదిలింది. రెండో మలుపులో ఇంకా ఘోరంగా తప్పాడు.

"అరే, గట్ల గాదురా!" శంకరయ్య లేచి మైకు దాకా వచ్చేశాడు. "పీ... పిరిరి పీ! ఆడ ఎక్కాలె, ఈడ జారాలె. ఇను!"

దేవదాసు మళ్లీ తప్పాడు. ఈసారి మాస్టరు బుగ్గలు పొంగించి బాణీ మొత్తం ఊదాడు. బాలలక్ష్మి ఉండబట్టలేక నాటు పాట కలిపింది. అప్పుడు గిటారు గోల పెట్టింది, ఎవరూ తగ్గించమనలేదు.

అయ్యాక దినేశ్ వినిపించాడు. శంకరయ్య కళ్లు మూసుకుని విన్నాడు. ఆయన వద్దంటే చెరిపేయాల్సిందే.

"దొంగ! నాకు తెల్వకుండ పట్టినవా?"

"తెలిస్తే మీరు ఊదరు గద మాస్టర్."

"ఊదిందైతే మంచిగనే ఉన్నది" అన్నాడు శంకరయ్య మెల్లగా. "నీ తప్పులు తీసెయ్యి."

"ఒక్క మైకులనే పట్టినం పెద్దాయనా. అవి తీస్తే మీది గూడ పోతది" అన్నాడు దినేశ్.

మాస్టరు మీసం దువ్వాడు. "అయితే ఉండనియ్యి. ఎవడు తప్పిండో ఇనేటోళ్లకు ఎరుకైతది."

కావాలనే తప్పానని చెబుదామని దేవదాసు నోరు తెరిచాడు. చెబితే ఆయన మనసు మార్చుకుంటాడేమో! మింగేశాడు.

"తప్పయింది మాస్టర్. మంచిగ నేర్సుకుంట."

"గిప్పుడేం నేర్సుకుంటవ్‌రా, ఆల్బం అయిపాయె!"