నైలాన్ ముడి కోసం భీమిలి వెళ్లిన రోజు

డెబ్బైల చివర్లో సీతమ్మధారలో అద్దెకుండేవాణ్ని. ఆదివారమొస్తే సముద్రపు రాళ్ల మీద కూర్చుని గాలం వేయడం అలవాటు. వరసగా మూడు వారాలు పెద్ద చేపలు గాలంతో సహా పోయాయి. దారం తెగలేదు. కొస వంకర్లు తిరిగి చేతికొచ్చేది, అంటే ముడే జారిపోతోంది. వన్ టౌన్‌లో దారాలమ్మే షాపాయన, "భీమిలి వెళ్లి నూకాలమ్మనడగండి. ఆవిడ కట్టిన ముడి జారదు" అన్నాడు.

పొద్దున్న ఆరింటికి బస్సెక్కాను. మధురవాడ, ఆనందపురం మీదుగా గంటన్నర, టిక్కెట్టు రెండు రూపాయల లోపే. బస్సు దిగాక ఒడ్డుదాకా నడకే. యాభై దాటిన నూకాలమ్మ తాటాకు పాక నీడన గాలాలు కడుతోంది. నా ముడి చూసి పెదవి విరిచింది.

"ఇది నూలుదారం ముడి బాబూ. నైలాను నున్నగుంటాది. రెండు సుట్లకి ఆగదు."

దారం కొసని గాలం కంట్లోంచి తీసి, అసలు దారం చుట్టూ ఆరు చుట్లు తిప్పి, కంటి పక్కనున్న సందులోంచి వెనక్కి దూర్చింది. ఉమ్మితో తడిపి మెల్లగా బిగించింది. "పొడిగా లాగితే ఏడెక్కి దారం సచ్చిపోద్ది." నాచేత పదిసార్లు కట్టించింది. తొమ్మిది ఊడలాగేసింది.

"మీకెవరు నేర్పారమ్మా?"

ఆమె చేతిలో గాలం పక్కన పెట్టింది. "ఎవులూ నేర్పనేదు. నైలాను తాడు కొత్తగా వచ్చినపుడు మా ఆయన తెప్పకి లంగరు నానే కట్టినాను, పాత ముడే. గాలికి తెప్ప రాళ్ల మీదకి పోనాది. తెప్ప దుంగలు దొరికినాయి, ఆయన దొరకనేదు. దుంగకి లంగరు తాడు అలాగే ఉంది. తెగనేదు బాబూ. లంగరు కాడ ముడి జారింది."

ఇంతలో ఒకతను తెప్పని నీళ్లలోకి తోసేముందు లంగరు, దానికి కట్టిన తాడు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె కాళ్లు తన్నిపెట్టి ముడిని లాగింది. విప్పి మళ్లీ కట్టింది. ఆమె తలూపేదాకా అతను కదల్లేదు.

"ఊళ్లోవాళ్లు మిమ్మల్నేమైనా అన్నారా?" అడగకూడదనిపిస్తూనే అడిగాను.

"ఒక్కరూ ఒక్క మాట అన్నేదు. అందుకే అందరి తాళ్లూ సూత్తన్నాను."

తిరుగు బస్సులో ఆ ముడినే మళ్లీ మళ్లీ కట్టి చూశాను. నాకు ఆదివారం సరదా అయిన ముడి, ఆ ఒడ్డున ఒక మనిషి ఇంటికి రావడమో రాకపోవడమో. తన తప్పుని దాచుకోకుండా, ఆ ముడి ముందే కూర్చుని రోజూ ఊరికి కాపలా కాస్తోంది ఆమె.

గాలం వేయడానికి వెళ్లేవాళ్లకి ఒక్క మాట: దారం మారిస్తే పాత ముడిని నమ్మకండి. తడిపి బిగించి, చేతికి గుడ్డ చుట్టుకుని బలంకొద్దీ లాగి చూడండి. జారేదేదో ఒడ్డునే జారాలి.