నాలుగో ఏనుగు

కోలారు బంగారు గనులు మూతపడ్డాక మా నాన్న మాలూరులో ఒక ఫ్యాక్టరీకి రైల్లో వెళ్లి వచ్చేవాడు. అంతకుముందు గని వర్క్‌షాపులో టర్నరు. నాకు చదరంగం పిచ్చి పట్టిందని, ఆదివారాలు చర్చి నుంచి రాగానే, మంచం కోళ్లు చేసే స్నేహితుడి లేతు మీద ముప్పై రెండు చెక్క పావులూ తనే చేశాడు. జన్మంతా ఎవరో చెప్పిన కొలతలకు ఇనుము తిప్పిన మనిషి తన ఇష్టానికి చేసిన మొదటి వస్తువు అదే.

నా పుస్తకంలో బొమ్మ చూసే చేశాడు. శకటు నెత్తిన గాటు చూసి, "ఇది మన బిషపయ్య టోపీ కదమ్మా" అని మురిసిపోయాడు. గుర్రం లేతుకు లొంగదు కాబట్టి కత్తితో చెక్కాడు. అది కాస్తా గాడిద పోలిక తెచ్చుకుంది. నేను నవ్వితే రెండు రోజులు మాట్లాడలేదు. ముక్కు మీద కోపం ఆయనకీ ఉంది, నాకూ ఉంది. చిక్కు ఏనుగు దగ్గర వచ్చింది. పేరు ఏనుగు, బొమ్మలో ఉన్నదేమో కోట బురుజు.

"కోట నేను యాడ చూసినానమ్మా? షాఫ్టయితే దినామూ చూసినాను" అని, నాలుగు ఏనుగులనూ గనిలోకి మనుషుల్ని దించే షాఫ్టు మీది ఇనప గోపురంలా చేసేశాడు. ఏటవాలు కాళ్లు, పైన చక్రానికి బదులు ఇత్తడి వాషరు. అంతకన్నా అందమైన ఏనుగు నాకు ఇప్పటికీ తెలియదు.

కోలారులో పిల్లల పోటీకి ఎవరి పావులు వాళ్లే తెచ్చుకోమన్నారు. నాన్న కూడా వచ్చాడు. బైరకూరు నుంచి వచ్చిన అమ్మాయితో ఆట. మధ్యలో నా ఏనుగు ఆమె మంత్రిని కొట్టింది. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. "శకటు అనుకున్నాను సార్" అంది.

పోటీ నడిపే పెద్దాయన రిటైరైన మేష్టారు. ఏనుగును చేతిలో తిప్పి చూశాడు.

"పని చానా బాగుండాది. కానీ ఒకప్పుడు ఊరికో రకం పావులుండేవమ్మా. పరాయి ఊరోళ్లతో ఆడితే ఏది ఏదో తెలిసేది కాదు. అందుకే లండన్లో ఒక రూపం కుదిర్చినారు. ఎవరైనా చూడంగానే గుర్తుపట్టల్ల. ఇంగ లోకమంతా అదే."

ప్లాస్టిక్ పావులతో ఆట మళ్లీ మొదలైంది. నేను ఓడిపోయాను. దానికి ఏడవలేదు. గోడవార నాన్న ఆ పావుల సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తీరు చూసి ఏడుపొచ్చింది.

ఆదివారం ఆయన సంచీ తీసుకుని లేతుకు బయలుదేరాడు. ఏనుగుల తలలు కోసి కోటలు చేస్తానన్నాడు. వద్దని బతిమాలాను. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

"రేపు నువ్వు యాడాడికో పోయి ఆడల్ల. నా చేతిపని నీకు అడ్డం రాకూడదు."

ఆయన చెప్పులు వేసుకునేలోగా సంచీలోంచి ఒక ఏనుగును తీసి బియ్యం డబ్బాలో దాచాను. సాయంత్రం మూడు కోటలతో తిరిగొచ్చి, "నాలుగోది యాడ?" అన్నాడు. "పోయింది" అన్నాను.

మర్నాడు అమ్మ బియ్యం కొలుస్తుంటే అది బయటపడింది. నాన్న దాన్ని అందుకున్నాడు. వాషరుకు అంటిన తవుడు బనియనుతో తుడిచి, మళ్లీ బియ్యంలోనే పెట్టాడు.

"నీకు కొత్త కోట ఒకటి చేసిస్తాలే. ఊర్లో షాఫ్టులన్నీ తుప్పు పడతా ఉండాయి. ఇదొక్కటన్నా నిలబడనీ."