కడ్డీ చెప్పని సంగతి

రాప్తాడు దగ్గర మూడెకరాల్లో వేరుశనగ వేస్తాను. కుంట నీళ్ళు తోడడానికి చిన్న పెట్రోలు ఇంజను ఉంది. పెట్రోలు నిలవుంటే చెడి జిగురు కడుతుందని, పంట అయ్యాక ట్యాంకు వంచేసి, కార్బురేటరు ఆరేదాకా నడిపి దాస్తాను. ఎవరైనా అడిగితే ట్యాంకు నింపి ఇచ్చి, నింపే తెమ్మంటాను; తిరిగొచ్చాక కడ్డీ ముంచి మట్టం చూస్తాను.

పోయిన వానాకాలం పక్కచేను ఓబులేసు రెండు రోజులు వాడుకుని తెచ్చాడు. "కడ్డీ పెట్టి చూసుకో అన్నా, నిండుగా ఉండాది" అన్నాడు. చూశాను. కడ్డీ మీద నేను గీసిన గీత దాకా ఉంది.

వారం తర్వాత, కాయ కట్టే ఊడలు భూమిలోకి దిగే వేళ, వాన లేక చేను వాడుముఖం పట్టింది. తాడు నలభై సార్లు లాగినా ఇంజను అందుకోలేదు. ట్యాంకు వంచితే వార్నిష్ కంపు, అడుగున నీళ్ళు. ఓబులేసు ఇంటికి పోయి అడిగాను.

"ఏమప్పా, యాడిది ఈ పెట్రోలు?"

"పోయినేడు డబ్బాలో మిగిలిందన్నా. మందు కొట్టే నా మిషను చెడిపోతాదని దాంట్లో పొయ్యలేదు. నువ్వు కొలుస్తావు గానీ వాసన చూడవు గదా!"

కార్బురేటరు కడిగించి తెచ్చేసరికి నాలుగు రోజులు పట్టింది. మూడెకరాల్లో ఒక్క ఎకరమే కోలుకుంది.

ఇరవై ఏళ్ళుగా నేను కొలుస్తుంటే పక్కన నిలబడి చూసిన మనిషి. నేనేది కొలవనో కూడా చూసి పెట్టుకున్నాడని ఆ రోజే తెలిసింది.